పద్దెనిమిదేళ్ల ఆటగాణ్ని అంచనా వేయడమెలా?

ప్రశ్న: మా అబ్బాయి పుణ్యమా అని నాకూ ఐస్ హాకీ చూడటం అలవాటైంది. 2012 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కుర్ర ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మా ఊరి ఆయిలర్స్ జట్టు అందరికంటే ముందు ఎంచుకున్న నైల్ యాకుపోవ్ ఉత్తర అమెరికా అగ్రశ్రేణి లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 350 మ్యాచ్‌లతో ఆగిపోయాడు. 2014లో 79వ స్థానంలో ఎంపికైన బ్రేడెన్ పాయింట్ మాత్రం ఒకే సీజన్‌లో 51 గోల్స్ కొట్టాడు. కుర్రాళ్ల ఆట చూసి బేరీజు వేసే స్కౌట్లు ఇంతమంది ఉండీ అంచనాలు ఇలా ఎందుకు తప్పుతాయి?
— ఒక పాఠకుడు, ఎడ్మంటన్

జవాబు: ముందుగా పుట్టిన నెల చూడాలి. సెప్టెంబరు 15 నాటికి 18 ఏళ్లు నిండినవారే ఆ ఏటి డ్రాఫ్ట్‌కు అర్హులు కనుక, ఒకే జాబితాలోని ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా ఉండవచ్చు. యాకుపోవ్ 1993 అక్టోబరులో పుట్టాడు; అంటే తోటివారిలో చాలామంది కంటే పెద్దవాడు. జూనియర్ లీగ్ గోల్స్ లెక్కపెట్టేటప్పుడు ఈ తేడాతో పాటు, పవర్‌ప్లేలో (ప్రత్యర్థి ఆటగాడు శిక్షపై బయట ఉన్నప్పుడు) వచ్చినవెన్ని, పక్క ఆటగాళ్లు ఎంతటివారు, పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) తన దగ్గర లేనప్పుడు కుర్రాడు ఏం చేస్తున్నాడు అన్నవి కూడా చూడాలి.

అయితే యాకుపోవ్‌కు ప్రతిభ లేదనడం అన్యాయం. తొలి సీజన్‌లో 48 మ్యాచ్‌ల్లోనే 17 గోల్స్ కొట్టాడు. నా దృష్టిలో అసలు తేడా ఎంపిక తర్వాత జరిగినదానిలో ఉంది. కెనడా జూనియర్ ఆటగాణ్ని 18 ఏళ్లకే ద్వితీయ శ్రేణి ఏహెచ్‌ఎల్‌కు పంపడానికి నిబంధనలు ఒప్పుకోవు కనుక, అయితే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడించాలి, లేదా జూనియర్‌కు తిప్పి పంపాలి. యాకుపోవ్‌ను నేరుగా ఎన్‌హెచ్‌ఎల్‌లో దించారు. పైగా ఆయిలర్స్‌లో ఉన్న నాలుగు సీజన్లలో కోచ్‌లు మారుతూనే ఉన్నారు. పాయింట్ పొట్టివాడని, స్కేటింగ్‌లో లోపాలున్నాయని స్కౌట్లు వెనకాడారు. ఎత్తు పెంచడం ఎవరి తరమూ కాదు గానీ స్కేటింగ్‌ను దిద్దవచ్చు. అతన్ని ఎంచుకున్న టాంపా బే జట్టు 1984 ఫిగర్ స్కేటింగ్ జంటల ప్రపంచ విజేత బార్బ్ అండర్‌హిల్ చేత అతనికి శిక్షణ ఇప్పించింది. మరో రెండేళ్లు మూస్‌జా జూనియర్ జట్టులోనే ఉంచి, 2016లో గానీ పైకి తీసుకోలేదు. ఆ రెండేళ్లూ జట్టు భారం మోస్తూ, పక్‌తో ఎక్కువసేపు గడిపే అవకాశం అతనికి దక్కింది.

గోలీల (గోల్‌కీపర్ల) సంగతి మరీ కష్టం, వారు ఆలస్యంగా పరిణతి చెందుతారు. అదే 2012 డ్రాఫ్ట్‌లో 130వ స్థానంలో ఎంపికైన కానర్ హెల్లెబక్ రెండేళ్లు కాలేజీలో, ఆపై ఏహెచ్‌ఎల్‌లో ఆడి పైకి వచ్చి, 2025లో లీగ్ అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. అందుకే మొదటి రౌండ్‌లోనే గోలీని ఎంచుకునే జట్టును చూస్తే నాకు కొంత అనుమానమే.