గురి తప్పింది సరే, మరి ఆ అబద్ధం సంగతి?

తమ్ముడూ, చెల్లి పెళ్లికని నాన్న నీ చేతిలో పెట్టిన 3 లక్షల చిట్టీ డబ్బు ట్రేడింగులో పోగొట్టి, 8 నెలలుగా ఎవరడిగినా “ఎఫ్‌డీలో ఉంది” అంటున్నావు, చర్చిలో ప్రభువు బల్లకి (రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి) లేవడం కూడా మానేశావు. ఈలోగా నీ ఫ్రెండ్ ఎవరో “హీబ్రూలో పాపమంటే గురి తప్పడమేరా, అంతే” అన్నాడట. నాది పాపమా, పొరపాటా అని అడిగావు.

అతను చెప్పింది సగం నిజం. ఆ మాట ‘హాతా’. బైబిల్లో న్యాయాధిపతులు 20లో, ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన బెన్యామీనీయుల్లో 700 మంది ఎడమచేతి వాటంవాళ్లు తలవెంట్రుకకి గురిపెట్టి వడిసెల రాయి విసిరినా తప్పదని ఉంటుంది చూడు, ఆ ‘తప్పదు’ దగ్గర ఉన్నది ఈ మాటే. సామెతలు 19:2లో తొందరపడి నడిచేవాడు దారి తప్పుతాడన్న చోటా ఇదే (నెలలో రెట్టింపు చేద్దామనుకున్నావు కదా, ఆ వచనం ఒకసారి చదువుకో). కానీ తన సైనికుడు ఊరియాని చంపించాక నాతాను ప్రవక్త నిలదీస్తే, పాపం చేశానని దావీదు రాజు ఒప్పుకున్నదీ ఈ మాటతోనే. దాన్ని పొరపాటంటామా?

అసలు నీ కేసు లేవీయకాండం 6లో ఉంది. దాచమని ఇచ్చిన సొమ్ము విషయంలో బొంకినవాడి గురించి, మళ్లీ అదే మాటతో. సొమ్మంతా, దానిపై ఐదో వంతు కలిపి సొంతదారుకే ఇవ్వాలి, బలి సంగతి ఆ తర్వాతే వస్తుంది. నీ లెక్కలో 3 లక్షల 60 వేలు. అంతా ఇప్పుడే తెమ్మని కాదు నేననేది, ముందు వెళ్లాల్సింది ఎవరి దగ్గరికో చూడమంటున్నాను.

నాన్నకి బీపీ, తట్టుకోలేరని రాశావు. మరి ముహూర్తం పెట్టుకుని, ఫంక్షన్ హాలుకి అడ్వాన్సు కట్టే రోజున తెలిస్తే తట్టుకుంటారా? ఈ ఆదివారంలోపే అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు. ట్రేడింగ్ స్టేట్‌మెంట్ ప్రింటు తీసుకెళ్లు, జీతంలో నెలకి ఎంత ఇవ్వగలవో కాగితం మీద రాసుకెళ్లు. తిడతారు, తిట్టించుకో. లోన్ యాప్‌లో అప్పు చేసి పూడుద్దామనో, పోయిన చోటే రాబడదామనో మాత్రం చూడకు. చెల్లికి కూడా నువ్వే చెప్పు, ఆ పని నాన్న మీద పెట్టకు.