వీఆర్, ఏఆర్ ఆటలకేనా, వైద్యంలోనూ పనికొస్తాయా?

ఆటలకు మాత్రమే కాదండి. వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ కళ్లకు పెట్టుకుంటే మీరున్న గది మాయమై వేరే లోకం కనిపిస్తుంది. ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ)లో మన విశాఖ ఆర్కే బీచ్ అలాగే ఉంటుంది, దాని మీద అదనపు బొమ్మలు, వివరాలు చేరతాయి.

నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది వీఆర్‌తో నొప్పి తగ్గించడం. కాలిన గాయాలకు కట్టు మార్చేటప్పుడు పడే బాధ మాటల్లో చెప్పలేం. దీనిమీద వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 1990ల నుంచే పనిచేశారు. వాళ్ల ‘స్నోవరల్డ్’ అనే వీఆర్ ఆటలో రోగి మంచు లోయలో తిరుగుతూ మంచుముద్దలు విసురుతుంటాడు. ధ్యాస అటు మళ్లి నొప్పి తక్కువగా తెలుస్తుంది. మందులకు బదులు కాదు, తోడు. 2021లో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ దీర్ఘకాలిక నడుంనొప్పికి ఒక వీఆర్ పరికరాన్ని అనుమతించింది కూడా.

ఎత్తంటే టెన్షన్ పడేవాళ్లు కైలాసగిరి రోప్‌వే ఎక్కే ముందు, థెరపిస్టు దగ్గర వీఆర్‌లో మెల్లగా అలవాటు పడొచ్చు. ఏఆర్‌తో సర్జన్ స్కాన్ బొమ్మను రోగి శరీరం మీదే చూస్తూ ఆపరేషన్ చేయగలడు.

వైద్యం బయట, పోర్టు క్రేన్ల లాంటి ప్రమాదకరమైన పనుల్లో శిక్షణకు వీఆర్ చాలా మంచిది. అక్కడ పొరపాటు చేసినా ఎవరికీ దెబ్బ తగలదు.

వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుంటే కొందరికి తల తిరుగుతుంది, వికారం వస్తుంది. మూర్ఛ ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడక్కుండా పెట్టుకోవద్దు.