కృష్ణుడి వేషం కట్టబోయే మేనల్లుడికి

చిరంజీవి అబ్బాయికి మామయ్య ఆశీస్సులు.

రాయబారం నాటకంలో కృష్ణుడి వేషం నీకిచ్చారని మీ అమ్మ ఫోనులో చెప్పగానే ఊరంతా వినేలా కేక వేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

తెల్లవారుజామున మంద్రస్థాయిలో అకార సాధన చేయి, నీళ్లు తరచుగా తాగు, ఆటకు ముందు కడుపు నిండా తినకు. ఇవన్నీ మీ హార్మోనిస్టు గారు కూడా చెబుతారు.

పద్యాన్ని రాగంతో మొదలుపెట్టకు. ముందు వచనంలా చదివి, అన్వయం చెప్పుకొని, ఊపిరి ఎక్కడ తీయాలో గుర్తు పెట్టుకో. యతి దగ్గర ఆగమని ఎవరైనా అంటే వినకు. తిరుపతి వేంకట కవుల ‘అలుగుటయే యెరుంగని మహామహితాత్ము డజాతశత్రుడే / యలిగిన నాడు’ పద్యం చంపకమాల కనుక యతి పదకొండో అక్షరం మీద పడుతుంది. దాని ముందు ఆగితే ‘మహా’ అన్న మాట ‘మ’ దగ్గర తెగుతుంది. పాదం చివర ఊపిరి తీసినా, అజాతశత్రుడు ఒక పాదంలోనూ ఆయన అలగడం మరో పాదంలోనూ విడిపోతాయి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఇరవై ఆరో ఏట అంతర్వేది తీర్థంలో నేను కృష్ణుణ్ణి. అంతకుముందు రెండు రాత్రులు వరుసగా ఆడినందువల్ల గొంతు బొంగురుపోయి ఉంది. శ్రుతి తగ్గించి నాలుగులో పాడమని హార్మోనిస్టు బతిమాలాడు. మరో నాటక సమాజం కృష్ణుడు అంతకన్నా పైన, ఐదున్నరలో పాడతాడన్న పంతంతో నేను వినలేదు. మొదటి ‘వన్స్‌మోర్’కి పాడాను, రెండోదానికి రాగం ఇంకా సాగదీశాను. మూడోసారి తారస్థాయిలో గుడ్డ చిరిగినట్టయి, ఆ తరువాత గాలి తప్ప స్వరం రాలేదు. అంతటితో ఆగక, మిరియాల కషాయం తాగి మర్నాడు మళ్లీ వేషం కట్టాను. చివరికి కాకినాడలో డాక్టరు గారు స్వరతంత్రులు వాచాయని, మాట్లాడవద్దని చెబితే, గుసగుసలాడటం మౌనమే అనుకొని మరింత చెరుపుకొన్నాను. అప్పుడు మీ అమ్మ రెండో తరగతి; నేను పలక మీద రాసింది కూడబలుక్కుని చదివి ఇంట్లో అందరికీ చెప్పేది. మాట తిరిగి వచ్చింది కాని, పై స్వరాలు ఇప్పటికీ రాలేదు.

మొండివాడివి, నా పోలికే, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను నాన్నా. నీ శ్రుతిని నీ గొంతును బట్టి పెట్టించుకో, పక్కవాడిని చూసి కాదు. బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించు.

ఆట నాడు వచ్చి హార్మోనియం పక్కన కూర్చుంటాను. నీ గొంతు అలిసినట్టు వినిపిస్తే చెయ్యెత్తుతాను. జనం ఎంత అరిచినా వారికి నమస్కరించి తరువాతి పద్యానికి వెళ్లిపో.