చిన్న కుక్క అయితే పని తక్కువేనా?

ప్రశ్న: మాది చిన్న ఫ్లాటు. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. బాబుకు నాలుగేళ్లు. పామరేనియన్ గానీ చివావా గానీ తెచ్చుకోవాలని ఉంది. చిన్న కుక్కతో పెద్దగా పని ఉండదు కదా?

జవాబు: తిండి తక్కువ, చోటు తక్కువ. పని మాత్రం తగ్గదు. మీకు ఇబ్బంది ఫ్లాటుతో కాదు, పగలు ఇంట్లో ఎవరూ లేకపోవడంతోనూ, బాబు వయసుతోనూ.

ఈ జాతుల పిల్లల ఒంట్లో చక్కెర నిల్వ బాగా తక్కువ. నాలుగు నెలలు నిండేదాకా రోజుకు 4 సార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. ఒక పూట తప్పినా, చలి సోకినా, విరేచనాలైనా రక్తంలో చక్కెర పడిపోవచ్చు. పిల్ల మగతగా ఉంటుంది, తూలుతుంది, ఆపైన మూర్ఛ వస్తుంది. అలాంటప్పుడు తేనె గానీ చిక్కటి పంచదార నీళ్లు గానీ వేలితో చిగుళ్లకు రాసి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. స్పృహ లేనప్పుడు నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూత్రం కూడా రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. పొద్దున తలుపేసి సాయంత్రం తీసే ఇంట్లో, మధ్యలో వచ్చి చూసే మనిషి లేకపోతే పిల్లను తేవద్దు. ఎదిగిన కుక్కను దత్తత తీసుకోవడం మేలు.

ఇక బాబు. వీటి ముంగాలి ఎముకలు పుల్లల్లా ఉంటాయి. చేతుల్లోంచి జారినా, సోఫా మీంచి దూకినా విరగొచ్చు. మణికట్టుకు దగ్గర్లో ఎముకకు రక్తం అందేది తక్కువ కాబట్టి ఉత్త కట్టుతో సరిగా అతకదు, చాలాసార్లు ఆపరేషన్ చేసి ప్లేటు వేయాల్సివస్తుంది. బాబు నేల మీద కూర్చున్నప్పుడే ఒళ్లోకి ఇవ్వండి, అదీ మీ కళ్లముందే.

పరుగెత్తుతూ రెండడుగులు వెనక కాలు ఎత్తి, మళ్లీ మామూలుగా నడుస్తోందంటే మోకాలి చిప్ప జారుతోందేమో చూపించండి. శ్వాసనాళం మెత్తన, కాబట్టి మెడపట్టీకి గొలుసు తగిలించి లాగొద్దు, ఛాతీకి వేసే హార్నెస్ కొనండి. పెద్దబాతు అరిచినట్టు దగ్గితే ఆలస్యం చేయొద్దు. ఆరేడు నెలలు దాటినా పాలకోరలు ఊడకపోతే తీయించాలి. పళ్లు రోజూ తోమాలి, ఇది చాలామంది ఎగ్గొట్టే పని.

అన్నట్టు, ‘టీకప్’ అనే జాతి లేదు. మామూలు కన్నా మరీ చిన్నగా పుట్టించిన పిల్లలకు పెట్టిన అమ్మకపు పేరది, పైన చెప్పిన బాధలన్నీ వాటికి ఇంకా ఎక్కువ. తల్లిని చూపించని వాళ్ల దగ్గరా, ఎనిమిది వారాలు నిండని పిల్లనూ కొనకండి.

ప్రశ్న: ఎండాకాలం పామరేనియన్ బొచ్చు గొరిగించవచ్చా?

జవాబు: వద్దు. వీటికి రెండు పొరల బొచ్చు. పూర్తిగా గొరిగితే కొన్నింటికి మళ్లీ సరిగా రాదు, చర్మానికి నేరుగా ఎండ తగులుతుంది. వారానికి రెండు మూడుసార్లు మొదలంటా దువ్వి, లోపలి పొరలో ఊడిన వెంట్రుకలు తీసేస్తే చాలు. చెవుల వెనక, చంకల్లో ముందుగా చూడండి, చిక్కులు పడేది అక్కడే.