పెళ్ళిపీటల దగ్గర ఏం చదవాలి, ఎప్పుడు చదవాలి

చి. ల. సౌ. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

పెళ్ళిలో మంత్రాలతో పాటు మీ ఇద్దరి మాటలు కూడా వినపడాలన్నావు. ఏం చదివించాలో చెప్పమన్నావు. చాలా మంచి కోరిక. ఇదెక్కడి కొత్త పద్ధతని ఎవరైనా అంటే కంగారుపడకు. ఒకప్పుడు స్నేహితులు వధూవరుల మీద పంచరత్నాలని ఐదు పద్యాలు రాసి, అచ్చువేయించి, పందిట్లో చదివి పంచేవారు. అప్పగింతల పాటలు సరేసరి. నువ్వు నడిచేది ఆ దారే.

ముందు చోటు చూసుకో, మాటలు తర్వాత. ముందే మాటలు వెతుక్కుంటే అవి ఎంత బాగున్నా వినేవాళ్ళు ఉండరు. జీలకర్ర-బెల్లానికి ముందు అరగంటలో ఏమీ పెట్టకు. అప్పటికే ఆలస్యమై పంతులుగారి చూపు గడియారం మీదే ఉంటుంది. తాళి కట్టేటప్పుడు గట్టిమేళంలో పక్కవాళ్ళ మాటే వినపడదు. తలంబ్రాలప్పుడు అందరి ధ్యాసా ఫొటోల మీద. ఆపైన అక్షింతలు వేసినవాళ్ళు వేసినట్టే భోజనాలకు లేస్తారు. సప్తపది నాటికి పీటల చుట్టూ మిగిలేది దగ్గరివాళ్ళే. నువ్వు చదివించేది వాళ్ళ కోసమే కాబట్టి నా ఓటు సప్తపదికే.

మన పెళ్ళిళ్ళలో చదివే మంత్రంలో ఒక్కో అడుగుకు ఒక్కో కోరిక ఉంది. మొదటి అడుగు అన్నానికి, రెండోది బలానికి, మూడోది వ్రతానికి, నాలుగోది సుఖానికి, ఐదోది పశువులకు, ఆరోది ఋతువులకు, ఏడోది యజ్ఞం చేసే హోతలకు. ఆ తర్వాత వచ్చే మాట ‘సఖా సప్తపదా భవ’. ఏడడుగులు కలిసి నడిచావు, ఇక నాకు స్నేహితం కమ్మని. ఈ ఏడింటికీ మీ బతుకులోంచి ఒక్కో తెలుగు వాక్యం రాయండి. అన్నం దగ్గర మీలో ఎవరికి వంట వచ్చో, ఎవరు గిన్నెలు కడుగుతారో రాయొచ్చు. మీకు పశువులు లేకపోయినా రోజూ పాలకోసం కిటికీ ఎక్కే పిల్లి ఉందిగా. ఋతువుల దగ్గర మీరిద్దరూ బస్సు కోసం తడిసిన వాన ఉండనే ఉంది. వాక్యం పన్నెండు మాటలు దాటకూడదు. మంత్రం, అడుగు, ఆ తర్వాత వాక్యం, అదీ వరస. మంత్రంలో మాత్రం ఒక్క అక్షరం తగ్గించమనకు. 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షను ప్రకారం, సప్తపది ఉన్న పెళ్ళి ఏడో అడుగుతోనే పూర్తవుతుంది.

ఏడుగురు ఏడు వాక్యాలు చదివితే బాగుంటుందని అందరికీ తోస్తుంది. వద్దు. మైకు చేతులు మారడానికి పట్టే సమయం వాక్యానికి పట్టేదానికన్నా ఎక్కువ. ఒక్క గొంతు చాలు.

ఇక కాస్త పొడుగైనది ఒక్కటి, అప్పగింతలకు ముందు పెట్టుకో. పుస్తకాల్లోంచి తీసే పక్షంలో ఆ రచన మొత్తం చదివి, ముగింపు ఏమిటో చూసుకో. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. గురజాడ రాసిన పూర్ణమ్మ కథలో ఆ పిల్ల తోబుట్టువులకు చెప్పే మాటలు ఎంత తియ్యగా ఉన్నా, చివరికి ఆ పిల్ల ప్రాణం తీసుకుందని ముందు వరసలోని తాతయ్యలకు తెలుసు. విశ్వనాథ వారి పాటల్లోని కిన్నెరసాని భర్తకు దూరమై వాగైపోయింది. పోతన రుక్మిణి సందేశం పెళ్ళికి అతికినట్టుంటుంది, కానీ అందులోనే నువ్వు రాకపోతే ప్రాణాలు విడుస్తానన్న మాటా ఉంది. ఆ పద్యం వదిలి మిగతావి ఎంచుకో. హాలుడు కూర్చిన ప్రాకృత పద్యాల గాథాసప్తశతి ముచ్చటైనదే కానీ అందులో చాటుమాటు ప్రేమలు ఎక్కువ, ఏరి తీయాలి.

నన్నడిగితే పుస్తకాలకన్నా మన ఇంటి కాగితాలు మేలు. నాన్న పద్దుల పుస్తకంలో నువ్వు పుట్టిన రోజు పేజీ. అబ్బాయి నీకు రాసిన మొదటి ఉత్తరంలో నాలుగు వాక్యాలు, అవీ అతను ఒప్పుకుంటేనే. లేదా అమ్మమ్మ చేతిరాతలో ఉన్న ఆవకాయ కొలతలు. నిజంగానే అంటున్నా. ‘మూడోనాడు తిరగకలిపి, ఉప్పు చూసి, చాలకపోతే వేసుకోవాలి’ అని చదివి అక్కడితో ఆపేయాలి. సంసారం కూడా ఇంతే అని ఎవరూ వివరించకూడదు. వివరిస్తే చప్పబడిపోతుంది.

ఎంచుకున్నదాన్ని ఇలా పరీక్షించు. మీ పేర్లు తీసేసి ఇంకో జంట పేర్లు పెట్టి చదువు. ఇబ్బంది లేకుండా సరిపోతే అది మీది కాదు. అట్లాగని మీ ఇద్దరికే తెలిసిన జోకులు పెడితే మిగతావాళ్ళు మొహాలు చూసుకుంటారు. పాత పరిచయాలు, డబ్బు, కట్నాల ప్రస్తావన వచ్చే వాక్యం ఎంత సరదాగా ఉన్నా కొట్టెయ్యి.

పందిట్లో తెలుగు వచనం నిమిషానికి తొంభై మాటలకు మించి చదవకూడదు. రెండు నిమిషాలంటే నూట ఎనభై మాటలు, ఒక పేజీ. అంతకు మించితే పిల్లలు లేస్తారు, వాళ్ళ వెనకే తల్లులు. పద్యమైతే రాగం తీయగలవాళ్ళకే ఇవ్వు. సీసపద్యం పాడితే నిమిషం దాటుతుంది, కాబట్టి ఒక్కటే. అబ్బాయి వాళ్ళది కన్నడం కదా, రెండు భాషల్లోనూ చదివితే సమయం రెట్టింపవుతుంది. తెలుగులో చదివించి, కన్నడం చిన్న కార్డు మీద అచ్చువేసి కుర్చీల్లో పెట్టించు.

చదివేవాళ్ళుగా కళ్ళనీళ్ళు ఆపుకోలేనివాళ్ళను పెట్టకు. మీ అమ్మ వద్దు, పిన్ని కూడా వద్దు. గొంతు నిలకడగా ఉండే మేనత్త కూతురో, నీ చిన్ననాటి టీచరుగారో మేలు. మూడుసార్లు పైకి చదివించు, ఒకసారి నిలబెట్టి. ఫోన్లో చూసి చదవనివ్వకు. ఎండలో తెర కనపడదు, మధ్యలో కాల్ వస్తుంది. పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి అట్టకు అంటించు, ఫ్యాన్ గాలికి ఎగరదు. మూడు కాపీలు ఉండాలి: చదివేవాళ్ళకొకటి, పంతులుగారికొకటి, మైకు అబ్బాయికొకటి. సన్నాయివాళ్ళకు ఎవరు చెయ్యెత్తితే ఆపాలో ముందే చూపించు. పంతులుగారికి కాగితం కనీసం మూడు వారాల ముందు ఇవ్వు. పీటల మీద కూర్చున్నాక అడిగితే ఎంత మంచివారైనా కాదంటారు.

చర్చిలో పెళ్ళి చేసుకునే నీ స్నేహితురాలికి కూడా చెప్పు. కాథలిక్ పూజలో పఠనాలు బైబిలు నుంచే ఉండాలి, కవితలు విందులో చదువుకోవచ్చు. ‘నీ జనమే నా జనము’ అన్న రూతు మాట వాడాలనుకుంటే, అది రూతు భర్తతో అన్నది కాదు, అత్తగారితో అన్నది. ఆ అమ్మాయి అత్తగారి వైపు తిరిగి చదివితే ఎంతో నిండుగా ఉంటుంది.

ఏడు వాక్యాలూ రాసి ఈ ఆదివారం లోపు నాకు పంపు. మాటలు లెక్కపెట్టి, పైకి చదివి చూసి, నోరు తిరగనిచోట గీత పెట్టి తిప్పి పంపుతాను.

మీ పెద్దమ్మ