యూనియన్‌లో చేరితే మా అబ్బాయి భవిష్యత్తు పాడవుతుందా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర పల్లె. పొగాకు సాగు చేస్తాను. మా అబ్బాయి ఒంగోలులో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివి, అప్రెంటిస్‌షిప్ ముగించి, రెండేళ్లుగా కాంట్రాక్టరు కింద 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటరుగా చేస్తున్నాడు. ఆ పని ఇప్పించినందుకు ఒకరికి కొంత డబ్బు కూడా ముట్టజెప్పాం. ఇప్పుడు వాడు యూనియన్ బ్రాంచిలో చేరి కోశాధికారి అయ్యాడు. ఫోనులో వచ్చే బ్రాంచి వార్తలు చూస్తే నాకు నిద్ర పట్టడం లేదు. పక్క జిల్లాలో స్తంభం మీద ఒక కాంట్రాక్టు కార్మికుడికి షాక్ కొట్టిందని ఒకటి, ఒంగోలులో పీఎఫ్ కోసం గేటు మీటింగ్ అని ఒకటి, పెన్షన్ కోసం విజయవాడలో ధర్నా అని మరొకటి. వాడిని మాన్పించి, 90,000 రూపాయలు కట్టి మూడు నెలల సోలార్, ఈవీ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాను. నూరు శాతం ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. లేదంటే డిప్లొమా చదివించాలా? మూడింటిలో ఏది మేలు?

సమాధానం: మీరు అడిగింది మూడు దారుల మధ్య పోలిక. మీ ఉత్తరం నిండా ఉన్నది మాత్రం భయం. పనిలో అబ్బాయికి ఏమైనా అవుతుందేమోనని ఒక భయం, జెండా పట్టుకున్నాడన్న పేరు పడితే కాంట్రాక్టరు తీసేస్తాడేమోనని ఇంకో భయం. కృష్ణపట్నం థర్మల్ కేంద్రంలో పనిచేసే కుర్రాళ్ల తల్లిదండ్రులు, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ఎలక్ట్రీషియన్లుగా ఉన్నవారి తల్లిదండ్రులు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు. అందువల్ల ముందు ఆ వార్తల సంగతి చెప్పి, తర్వాత కోర్సు సంగతికి వస్తాను.

షాక్ వార్త మిమ్మల్ని కలవరపెట్టడం సహజమే. అయితే మీ అబ్బాయి చేసే పని ఏమిటో మీరు ఒక్కసారైనా అడిగి తెలుసుకున్నట్టు ఉత్తరంలో కనిపించలేదు. షిఫ్ట్ ఆపరేటరు పని స్తంభం ఎక్కడం కాదు, కానీ స్తంభం ఎక్కినవాడి ప్రాణం అతని చేతిలో ఉంటుంది. లైను మీద పని పడినప్పుడు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి ఎల్.సి., అంటే లైన్ క్లియర్, అడుగుతాడు. ఆపరేటరు ఆ 11 కేవీ ఫీడరు, అంటే ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే లైను, బ్రేకరును ఆపి, మనుషులు పనిలో ఉన్నారన్న బోర్డు తగిలించి, ఫీడరు పేరు, అడిగిన మనిషి పేరు, సమయం రిజిస్టరులో రాసుకుని ఎల్.సి. నంబరు చెబుతాడు. పని అయ్యాక, తీసుకున్న మనిషే దాన్ని తిరిగి ఇవ్వాలి. ఒకే ఫీడరు మీద ఇద్దరు ఎల్.సి. తీసుకుని ఒకరే తిరిగి ఇచ్చినప్పుడు, కరెంటు ఎప్పుడిస్తారని ఊళ్లోంచి ఎన్ని ఫోన్లు వచ్చినా, రెండో మనిషి నుంచి మాట వచ్చేదాకా ఆ ఫీడరుకు తిరిగి కరెంటు ఇవ్వకూడదు. బ్రేకరు ఆపినంత మాత్రాన లైనులో కరెంటు లేదని కూడా అనుకోకూడదు. తీరంలో రొయ్యల చెరువుల దగ్గర, లైనునుంచి విడదీయకుండా జనరేటరు నడిపితే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మరు గుండా వెనక్కి ఎక్కి 11 కేవీ లైనులోకి వస్తుంది. పనిచేసే చోటుకు రెండు వైపులా, లైనును నేలకు కలిపే ఎర్త్ రాడ్లు తగిలించాలనేది అందుకే.

ప్రమాదం జరిగాక బ్రాంచి సమావేశంలో కార్మికులు మాట్లాడుకునేది సరిగ్గా ఈ విషయాలే. ఎల్.సి. ఎవరు తీసుకున్నారు, ఎర్త్ రాడ్లు ఉన్నాయా లేవా, హెల్మెటు, గ్లౌజులు, బెల్టు కాంట్రాక్టరు ఇచ్చాడా లేదా అని తర్కించుకుంటారు. మీకు నిద్ర పట్టకుండా చేసిన వార్త మీ అబ్బాయికి పాఠం. మనుషులు చాలనప్పుడు ఆపరేటరునే స్తంభం ఎక్కమనే సందర్భాలు వస్తాయి. అప్పుడు అది నా పని కాదని చెప్పగలిగే ధైర్యం ఒంటరిగా ఉన్న ఇరవై రెండేళ్ల కుర్రాడికి రాదు. వెనక పదిమంది ఉన్నవాడికి వస్తుంది.

పీఎఫ్ గేటు మీటింగ్ వార్త చదివి మీరు భయపడ్డారు. చదివాక చేయవలసింది మీ అబ్బాయి లెక్క చూడడం. జీతంలో 12 శాతం కోసినప్పుడు యజమాని వాటా కూడా జమ కావాలి. అలాగే కార్మికుల బీమా పథకమైన ఈఎస్ఐ పరిధిలోని సంస్థలో నెల జీతం 21,000 రూపాయలకు మించని కార్మికుడికి, పనిలో గాయపడి ఇంటిపట్టున ఉండవలసి వస్తే సగటు జీతంలో 90 శాతం చొప్పున భృతి వస్తుంది. ఈఎస్ఐ కార్డు లేకపోతే ఆ కుటుంబం ఆసుపత్రి వరండాలో అప్పుల కోసం ఫోన్లు చేసుకోవాలి. ఆ గేటు మీటింగ్ మీ ఇంటి కోసం కూడా జరిగింది.

పెన్షన్ ధర్నా మాత్రం మీ అబ్బాయికి నేరుగా సంబంధించినది కాదు. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డు కరెంటు ఉత్పత్తి చేసే జెన్‌కో, సరఫరా చేసే ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. ఆ తేదీ తర్వాత చేరిన రెగ్యులర్ ఉద్యోగులు పాత పెన్షన్ కోరుతున్నారు. ఇంకొక మాట, ఒంగోలు సర్కిల్ 2020 నుంచి విజయవాడ కేంద్రంగా ఉన్న సీపీడీసీఎల్ అనే విద్యుత్ పంపిణీ సంస్థ కింద ఉంది, నెల్లూరేమో తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్ అనే వేరే పంపిణీ సంస్థ కింద ఉంది. కనుక నెల్లూరు బ్రాంచి వార్త ప్రతిదీ మీకు వర్తిస్తుందనుకోకండి.

బ్రాంచి ఏ యూనియన్‌దో మీరు రాయలేదు. 1104, 327 అని నంబర్లతో పిలుచుకునే వాటిలోదైనా, సీఐటీయూ వంటి కేంద్ర సంఘానికి అనుబంధమైనదైనా నా సమాధానం మారదు. సంఘంగా ఏర్పడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలోనే ఉంది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చినా, సభ్యత్వం తీసుకున్నాడన్న కారణంతో కార్మికుణ్ణి వేధించడం తప్పే. అయితే చట్టం ఉన్నంత మాత్రాన కాంట్రాక్టరు మంచివాడైపోడు. టెండరు మారినప్పుడు పాత మనుషుల్ని పక్కన పెట్టే ప్రయత్నం జరుగుతుంటుంది, అప్పుడు పాతవాళ్లనే కొనసాగించాలని అడిగేది బ్రాంచే. మీ అబ్బాయి పాటించవలసిన జాగ్రత్తలు రెండే: షిఫ్టు వదిలి మీటింగుకు వెళ్లకూడదు, కోశాధికారిగా ప్రతి రూపాయికీ రసీదు ఉంచాలి.

ఇక మీతో ఒక మాట కఠినంగానే చెప్పాలి. ఈ పోస్టు కోసం ఎవరికో డబ్బు ముట్టజెప్పడం మీకు తప్పనిపించలేదు, రసీదు కూడా అడిగి ఉండరు. అదే మీ అబ్బాయి రసీదు తీసుకుని యూనియన్‌కు చందా కడితే భవిష్యత్తు పాడైందంటున్నారు. వేలం కేంద్రంలో పొగాకు ధర పడిపోయిన రోజున కొండపి, టంగుటూరు రైతులు కలిసికట్టుగా వేలం ఆపించడం మీరెరగనిది కాదు. ఒక్కడిగా అడిగితే ఎవరూ వినరన్న సంగతి పొలంలో మీకు తెలిసినంత బాగా మీ అబ్బాయికి సబ్‌స్టేషన్‌లో తెలిసింది. దానికి మీరు కోప్పడడం న్యాయం కాదు.

యూనియన్‌లో ఉన్నాడు కాబట్టి రేపో మాపో పర్మినెంటు అవుతాడని మాత్రం నేను చెప్పను. తెలంగాణలో 2017లో వేలమంది అవుట్‌సోర్సింగ్ విద్యుత్ కార్మికులను ఆర్టిజన్లుగా సంస్థలోకి తీసుకున్న మాట నిజం. కానీ తాత్కాలిక ఉద్యోగానికి క్రమబద్ధీకరణ హక్కుగా రాదని సుప్రీంకోర్టు 2006లో ఉమాదేవి కేసులో చెప్పింది, సమాన పనికి సమాన వేతనం అడగవచ్చని 2016లో చెప్పింది. ఈ రెండు తీర్పుల మధ్యనే కాంట్రాక్టు కార్మికుల పోరాటం సాగుతోంది.

సోలార్ కోర్సు గురించి నా అనుమానాలు దాచుకోను. సోలార్ పనికి గిరాకీ ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల పలకలకు 78,000 రూపాయల రాయితీ వస్తుండడంతో పల్లెల్లో కూడా డాబాల మీద పలకలు కనబడుతున్నాయి. నా అనుమానమంతా ఆ కోర్సు మీద, మరీ ముఖ్యంగా ఆ గ్యారంటీ మీద. డాబా మీద ఇనుప చట్రం బిగించి పలకలు ఎక్కించే పని చాలావరకు రోజుకూలీ పని. డబ్బు నిలిచేది ఎర్తింగు, ఇన్వర్టరు, గ్రిడ్‌కు పంపిన కరెంటునూ లెక్కించే నెట్ మీటరు వరకు బాధ్యతగా కనెక్షన్ ఇవ్వగల ఎలక్ట్రీషియన్ దగ్గర, ఆ పునాది మీ అబ్బాయికి ఐటీఐలోనే పడింది. షాక్ భయంతో అటు పంపుతున్నానంటే అదీ పొరపాటే. వరసగా కలిపిన పలకల్లో వందల వోల్టుల డీసీ ఉంటుంది, ఎండ ఉన్నంతసేపు దాన్ని ఆపలేం, డీసీలో పుట్టిన మంట ఏసీలో లాగా సులువుగా తెగిపోదు. పైగా సోలార్ వేరు, విద్యుత్ వాహనాల మరమ్మతు వేరు. రెండూ మూడు నెలల్లో నేర్పుతామనేవాళ్లు రెండింటిలోనూ పేర్లు మాత్రమే నేర్పగలరు. కేంద్రం 2015లో మొదలుపెట్టిన సూర్యమిత్ర శిక్షణను ఐటీఐ చదివినవారికి ఉచితంగానే ఇచ్చారు. అలాంటి విద్యకు తొంభై వేలు ఎందుకో వారినే అడగండి. ఉద్యోగం ఇచ్చే సంస్థ పేరు, ఊరు, నెల జీతం కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. రాయనంటే ఆ గ్యారంటీకి విలువ లేదు.

డిప్లొమా మంచి దారే. ఐటీఐ వారు బ్రిడ్జి కోర్సు పాసై రెండో సంవత్సరంలో చేరవచ్చు, తర్వాత ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా ఇంజినీరింగ్‌కు కూడా వెళ్లవచ్చు. కానీ తిరిగే షిఫ్టులతో ఆ చదువు సాగదు, ఉద్యోగం మానుకోవాలి. అందుకు మీ అబ్బాయికి ఇష్టముందో లేదో మీరు రాయలేదు. ఇష్టముంటే ఆ తొంభై వేలు అటు ఖర్చుపెట్టండి. లేకుంటే ఇప్పుడున్న ఉద్యోగంలోనే ఉంచి, లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ తీసుకోమనండి, అది సొంతంగా పనులు చేసుకోవడానికి, సోలార్‌కు కూడా పనికొస్తుంది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల ఎనర్జీ అసిస్టెంట్ల (జూనియర్ లైన్‌మన్ల) నియామకంలో స్తంభం ఎక్కడం, మీటరు రీడింగు, సైకిలు తొక్కడం పరీక్షించారు. అలాంటి ప్రకటన మళ్లీ వస్తే సబ్‌స్టేషన్ అనుభవం ఉన్నవాడు బెదరకుండా నిలబడతాడు.

కోర్సు వాళ్లకు అడ్వాన్సు కట్టకండి. ఈ ఆదివారం మీ అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు ఫోనులో పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ కార్డు చూపించమనండి. జమ ఆగిపోయి కనిపిస్తే, బ్రాంచి కార్యదర్శిని కలవడానికి అబ్బాయితో పాటు మీరూ ఒంగోలు వెళ్లండి.