ట్వైన్‌లో (లింకులు నొక్కుతూ చదివే కథలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఇంటరాక్టివ్ కథ రాస్తున్నాను, ఎన్ని బ్రాంచీలు పెట్టాలి?

బ్రాంచీలు లెక్కపెడుతూ కూర్చుంటే ఆ కథ పూర్తవ్వదండీ. నేను కూర్చున్నాను కాబట్టే చెప్తున్నా.

మాది గోపాలపట్నం. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ జనమంతా మా వైపు నుంచే వెళ్తారు. ఆ నడకలో చెల్లెలు తప్పిపోయిన అన్న కథ ఒకటి మొదలుపెట్టి, ప్రతి పాసేజ్‌కీ (లింకు నొక్కితే తెరుచుకునే కథ ముక్క) రెండేసి లింకులు ఇచ్చాను. నడక మొదలయ్యే తొలిపావంచా (కొండ మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టాలా వద్దా, హనుమంతవాకలో ఆగాలా వద్దా, అప్పూఘర్ దగ్గర సముద్రంలో దిగాలా వద్దా, ఇలా. ఐదో మలుపుకే 32 ముగింపులు తేలాయి. ప్రదక్షిణ కూడా 32 కిలోమీటర్లే, ఏదో శకునం అనుకుని మురిసిపోయి అన్నీ రాశాను. అదే పది మలుపుల దాకా లాగుంటే 1024.

పబ్లిష్ చేస్తే వచ్చేది ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలే కదా, ఫోన్‌లో తెరిచి అమ్మకిచ్చాను. చిక్కుళ్ళు ఒలుస్తూ, వేలు చీరకి తుడుచుకుంటూ ఒక్కో లింకూ నొక్కింది. అంతా అయ్యాక, "ఏటిరా, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టకుండా బయల్దేరిపోయాను కదా, తర్వాత దాని ఊసే లేదు?" అంది. ముగింపు గురించి ఒక్క ముక్క లేదు!

అప్పుడు కూల్చి మళ్ళీ కట్టాను. ఎటు వెళ్ళినా దారులన్నీ మాధవధార పాసేజ్‌లో కలిసేలా చేసి, కొబ్బరికాయ కొట్టారో లేదో మాత్రం ఒక వేరియబుల్‌లో (కథ గుర్తుపెట్టుకునే విలువ) దాచాను. ట్వైన్‌లోని హార్లో అనే ఫార్మాట్‌లో సెట్ (విలువ దాచేది), ఇఫ్ (దాన్ని చూసి వాక్యం చూపించేది) అనే రెండు మాక్రోలు, అంటే చిన్న ఆదేశాలు, వస్తే ఈ పని అయిపోతుంది. ముగింపులు మూడే మిగిలాయి.

అన్నట్టు, బ్రౌజర్‌లో రాసేవాళ్ళు రోజూ ఆర్కైవ్ (కథలన్నిటి బ్యాకప్ ఫైలు) డౌన్‌లోడ్ చేసుకోండి. కథంతా ఆ బ్రౌజర్ లోపలే ఉంటుందని తెలియక, ఫోన్ బిల్లు సైటు ఓపెన్ అవ్వట్లేదని డేటా మొత్తం క్లియర్ చేసి, రెండు వారాల పని పోగొట్టుకున్నాను. బిల్లు ఆ రోజు కూడా కట్టలేకపోయాను, అది వేరే సంగతి. ఇక ట్వైన్ మంచిదా, ఇలాంటి కథలకే వాడే ఇంక్ మంచిదా అని కొట్టుకునేవాళ్ళని పట్టించుకోకండి. 1987లో స్టోరీస్పేస్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చిన దగ్గర్నుంచీ జనం లింకులతో కథలు రాస్తూనే ఉన్నారు, సాఫ్ట్‌వేర్ వల్ల ఆగిపోయిన కథ నేనైతే చూడలేదు.

కొత్త వెర్షన్ అమ్మకి మళ్ళీ ఇచ్చాను. ఈసారీ కొబ్బరికాయ కొట్టకుండానే నడిచింది. చివర్లో చెల్లెలు దొరికాక, "సంచిలో కొబ్బరికాయ బరువు అలాగే ఉంది" అని ఒక్క వాక్యం వచ్చింది. కాసేపు దాన్నే చూసి, పక్కనున్న బాణం గుర్తు నొక్కుకుంటూ మొదటికంటా వెనక్కి వెళ్ళి, కాయ కొట్టి, మళ్ళీ నడక మొదలుపెట్టింది. ఆ రాత్రి చిక్కుళ్ళు నేనే ఒలిచాను.